దగ్గు తగ్గాక కూడా నాలుగు నెలలు టీబీ మాత్రలు ఎందుకు? అవి లోపల చేసే పని ఏమిటి?

మీరు అడిగింది ఇది. మీ తమ్ముడికి 26 ఏళ్లు, కూకట్‌పల్లిలో హాస్టల్లో ఉంటున్నాడు. ఊపిరితిత్తుల టీబీ అని తేలి మందులు మొదలుపెట్టాక మూడు వారాల్లో దగ్గు తగ్గింది. రెండు నెలల్లో నాలుగు కిలోలు పెరిగాడు. కళ్లె పరీక్షలో క్రిములు కనబడలేదన్నారు. మాత్రలు మార్చి ఇంకో నాలుగు నెలలు వాడమన్నారు. మూత్రం ఎర్రగా వస్తోందని, ఒంట్లో వేడి చేసిందని నాలుగు రోజులుగా అతను మాత్రలు మానేశాడు. "క్రిములే లేవన్నాక మందులెందుకు? పోనీ సగం మోతాదు సరిపోదా? అసలు ఈ మాత్రలు లోపల ఏమి చేస్తాయి?" అని అడిగారు.

హైదరాబాదులో 22 ఏళ్లుగా ఊపిరితిత్తుల వైద్యుడిగా పనిచేస్తున్నాను. ఈ ప్రశ్న నా దగ్గరికి ఎప్పుడూ రెండో నెల చివర్లోనే వస్తుంది. మొదటి నెలలో ఎవరూ అడగరు, దగ్గు ఇంకా భయపెడుతూ ఉంటుంది కాబట్టి.

సూటిగా చెబుతాను: రేపు ఉదయమే పూర్తి మోతాదుతో మళ్లీ మొదలుపెట్టించండి. సగం మోతాదు వద్దే వద్దు. మీ తమ్ముడి దగ్గును తగ్గించింది ముఖ్యంగా ఒక మందు. ఆ జబ్బు మళ్లీ రాకుండా చూసేది ఇంకో మందు. మొదటి దాని పని చాలావరకు అయిపోయింది. రెండోది ఇంకా సగం దారిలోనే ఉంది.

ఇది అర్థం కావాలంటే ముందు ఆ క్రిమి తీరు తెలియాలి. రాత్రి పాలు తోడు పెడితే తెల్లారేసరికి పెరుగవుతుంది. ఆ ఒక్క రాత్రిలో తోడులోని బాక్టీరియా ఎన్నోసార్లు రెట్టింపవుతుంది. టీబీ క్రిమి అలా కాదు. అది ఒకటి రెండు కావడానికే 18 నుంచి 24 గంటలు పడుతుంది. దాని చుట్టూ మైనం లాంటి మందపాటి గోడ ఉంటుంది. ఆ గోడలోని ముఖ్యమైన కొవ్వు పదార్థాన్ని మైకోలిక్ ఆమ్లం అంటారు. మామూలు యాంటీబయాటిక్‌లలో చాలా వాటిని ఆ గోడ లోపలికి రానివ్వదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, ఈ క్రిమి నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ల తరబడి దాదాపు ఏ పనీ చేయకుండా పడి ఉండగలదు. మందులు చాలావరకు నడుస్తున్న యంత్రాన్నే ఆపగలవు. ఆగి ఉన్న యంత్రంలో ఆపడానికి ఏమీ ఉండదు.

మీ తమ్ముడి ఊపిరితిత్తిలో మందులు మొదలుపెట్టిన రోజు ఉన్న క్రిములన్నీ ఒక్క తీరున లేవు. పుండు గుల్లబడి గాలి బాగా ఆడే చోట ఉన్నవి చురుకుగా పెరుగుతూ ఉంటాయి. దగ్గుతో బయటికి వచ్చి పక్కవాళ్లకు అంటుకునేవి ఇవే. కొన్నింటిని మన తెల్ల రక్తకణాలు మింగి ఉంటాయి. అవి చావకుండా ఆ కణాల లోపలే, పుల్లటి, అంటే ఆమ్లం ఉన్న వాతావరణంలో మెల్లగా బతుకుతుంటాయి. ఇంకొన్ని గట్టిపడిన కణజాలం మధ్య, గాలి అందని చోట కునుకు తీస్తుంటాయి. అప్పుడప్పుడు కొద్ది గంటలు కళ్లు తెరిచి మళ్లీ నిద్రలోకి జారుకుంటాయి. ఈ విభజనను స్పష్టంగా చెప్పినవాడు మిచిసన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త. మొదటి రెండు నెలలు ఇసోనియజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్ అనే నాలుగు మందులు కలిపి ఎందుకు ఇస్తారన్న దానికి సగం జవాబు ఇందులోనే ఉంది.

ఇసోనియజిడ్ మాత్రగా మింగినప్పుడు క్రిమికి హాని చేసే రూపంలో ఉండదు. క్రిమి లోపలికి వెళ్లాక ఆ క్రిమికే ఉన్న క్యాట్‌జి అనే ఎంజైము దాన్ని విషంగా మారుస్తుంది. తన చావుకు తానే మందు నూరుకున్నట్టు. ఆ విషం మైకోలిక్ ఆమ్లం తయారీని ఆపేస్తుంది. కొత్త గోడ కట్టుకోలేక, పెరుగుతున్న క్రిమి చస్తుంది. చురుకుగా పెరిగేవాటిని ఇంత వేగంగా చంపే మందు ఈ నాలుగింటిలో మరొకటి లేదు. మొదటి రెండు మూడు రోజుల్లోనే కళ్లెలోని క్రిముల్లో అత్యధిక భాగం దీని దెబ్బకే పోతుంది. జ్వరం దిగడం, ఆకలి వేయడం, దగ్గు తగ్గడం, పక్కవాళ్లకు అంటించే ప్రమాదం పడిపోవడం, వీటిలో పెద్ద వాటా దీనిదే. కానీ గోడ కట్టుకోని క్రిమి మీద, అంటే నిద్రలో ఉన్నదాని మీద, దీని ప్రభావం చాలా తక్కువ.

రిఫాంపిసిన్ పని వేరు. క్రిమి బతకాలంటే తన జన్యువుల్లో ఉన్నదాన్ని చదివి ఆర్‌ఎన్‌ఏ అనే నకలు తీసుకోవాలి. ఆ నకలు రాసే ఎంజైముకు రిఫాంపిసిన్ అడ్డుపడి, రాత మొదలైన రెండు మూడు అక్షరాల దగ్గరే ఆపేస్తుంది. నకలు లేకపోతే ప్రొటీన్ లేదు, ప్రొటీన్ లేకపోతే ప్రాణం లేదు. దీని గొప్పతనం వేగంలో ఉంది. కునుకు తీస్తున్న క్రిమి కాసేపు కళ్లు తెరిస్తే చాలు, ఆ కొద్దిసేపట్లోనే పట్టుకోగలదు. ఇసోనియజిడ్‌కు అంత తక్కువ సమయం చాలదు. అయితే ఏ క్రిమి ఏ రోజు కళ్లు తెరుస్తుందో ఎవరూ చెప్పలేరు. అందుకే ఆ మందు ప్రతిరోజూ రక్తంలో సిద్ధంగా ఉండాలి. మీ తమ్ముడు ఇప్పుడు వేసుకోవలసిన నాలుగు నెలల మాత్రల్లో అసలు ప్రాణం ఈ మందే.

పైరజినమైడ్ కూడా క్రిమి తన ఎంజైముతోనే విషంగా మార్చుకునే మందు. దీనికి ఒక విచిత్రమైన నియమం ఉంది. పుల్లటి వాతావరణంలోనే బాగా పనిచేస్తుంది. తెల్ల రక్తకణాల లోపల, వాపు ఎక్కువగా ఉన్న చోట ఆ పులుపు ఉంటుంది. మిగతా మందులు సరిగా చేరుకోలేని మెల్లని క్రిములను అక్కడ ఇది తుడిచిపెడుతుంది. రెండు నెలల్లో వాపు చల్లారుతుంది, పులుపు తగ్గుతుంది, దీనికి చేసేందుకు పెద్దగా పని మిగలదు. అందుకే రెండో నెల చివర్లో దీన్ని తీసేస్తారు. మీ తమ్ముడికి మాత్రలు మార్చడానికి కారణం ఇదే. జబ్బు తగ్గిపోయిందని కాదు.

ఇథాంబుటాల్ క్రిమి గోడలో చక్కెరలతో అల్లిన పొరను అల్లనివ్వదు. ఈ మోతాదులో ఇది చంపడం కన్నా పెరగకుండా ఆపడమే ఎక్కువ. మరి ఎందుకు ఇస్తున్నాం? ఇసోనియజిడ్‌కు లొంగని క్రిములు ముందే ఉంటే రిఫాంపిసిన్ ఒంటరిదై పోకుండా తోడు ఉండటానికి. మన దేశంలో ఇసోనియజిడ్‌కు లొంగని టీబీ అరుదు కాదు. కాబట్టి మన జాతీయ టీబీ కార్యక్రమంలో తరువాతి నాలుగు నెలలూ ఇసోనియజిడ్, రిఫాంపిసిన్‌లతో పాటు దీన్ని కొనసాగిస్తారు.

ఒంటరి మందు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీరు అడిగిన సగం మోతాదు ప్రశ్న దీనితో ముడిపడి ఉంది.

టీబీకి మొదటి నిజమైన మందు స్ట్రెప్టోమైసిన్. 1943లో అమెరికాలో సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ దాన్ని కనుక్కున్నాడు. 1948లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి దాని మీద జరిపిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఆరు నెలలకు, మందు తీసుకున్న 55 మందిలో నలుగురు చనిపోతే, విశ్రాంతి మాత్రమే తీసుకున్న 52 మందిలో 14 మంది చనిపోయారు. అద్భుతం అనిపించింది. కానీ ఐదేళ్లు గడిచేసరికి మందు తీసుకున్నవాళ్లలో 32 మంది, తీసుకోనివాళ్లలో 35 మంది లేరు. మొదట్లో కనిపించిన ఆ తేడా దాదాపు కరిగిపోయింది. ఒక్క మందే ఇవ్వడంతో క్రిములు దానికి లొంగడం మానేశాయి. ఈ అంకెలు చదివినప్పుడల్లా నాకు ఆ మధ్యలో కోలుకుని ఇంటికి వెళ్లినవాళ్లే గుర్తొస్తారు. వాళ్లకూ మీ తమ్ముడిలాగే దగ్గు తగ్గింది, బరువు పెరిగింది.

లెక్క ఇలా ఉంటుంది. సుమారు పది లక్షల క్రిముల్లో ఒకటి పుట్టుకతోనే ఇసోనియజిడ్‌కు లొంగనిది. రిఫాంపిసిన్‌కు లొంగనిది సుమారు పది కోట్లలో ఒకటి. ఊపిరితిత్తిలో గుల్లబడిన ఒక్క పుండులో కోట్ల కొద్దీ క్రిములు ఉంటాయి. అంటే ఏ ఒక్క మందు ఇచ్చినా దానికి లొంగనివి అక్కడ ముందే కూర్చుని ఉంటాయి. మిగతావి చచ్చిపోతే, ఖాళీ అయిన చోటంతా వాటిదే. రెండు మందులకూ ఒకేసారి లొంగని క్రిమి పుట్టాలంటే ఈ రెండు సంఖ్యలనూ గుణించాలి. అంటే ఒకటి పక్కన పద్నాలుగు సున్నాలు పెట్టినన్ని క్రిముల్లో ఒక్కటి. అంత పెద్ద సంఖ్యలో క్రిములు మనిషి ఒంట్లో ఉండవు. నాలుగు మందులు కలిపి ఇవ్వడం వెనక ఉన్న రక్షణ ఈ గుణకారమే.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. మాత్రలన్నీ ఒకేసారి మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. కొన్ని వేసుకుని కొన్ని మానేస్తే, తక్కువ మోతాదులో వేసుకుంటే, ఓ రోజు వేసుకుని రెండు రోజులు వదిలేస్తే మందులకు లొంగని మొండి టీబీ తయారవుతుంది. రెండోది మొదటిదానికన్నా చాలా ప్రమాదం. సగం మోతాదు ఆ రెండో దారి. పైగా రిఫాంపిసిన్‌కు ఇప్పుడిస్తున్న మోతాదు, కిలో బరువుకు దాదాపు 10 మిల్లీగ్రాములు, పనిచేసే మోతాదుల్లో కింది అంచున ఉన్నదే. దాన్ని సగం చేస్తే మిగిలేది చాలా తక్కువ. ప్రభుత్వ కేంద్రాల్లో మాత్రల సంఖ్యను బరువును బట్టి నిర్ణయిస్తారు. మీ తమ్ముడు నాలుగు కిలోలు పెరిగాడు కాబట్టి మాత్రలు ఒకటి పెంచాలా అన్నది కూడా ఈసారి అడగండి. రిఫాంపిసిన్‌ను తరచూ మానేస్తూ మళ్లీ మొదలుపెడుతూ ఉంటే కొందరికి చలి జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. అరుదుగా రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ఇక "క్రిములు లేవన్నారు కదా" అన్న మాట. మైక్రోస్కోపులో ఒక క్రిమి కనిపించాలంటే ఒక మిల్లీలీటరు కళ్లెలో కనీసం 5,000 నుంచి 10,000 క్రిములు ఉండాలి. అంతకన్నా తక్కువుంటే రిపోర్టులో లేవనే వస్తుంది. అది మంచి వార్తే, మందులు పనిచేస్తున్నాయని చెప్పే వార్త. క్రిములన్నీ పోయాయని చెప్పే వార్త కాదు. గట్టిపడిన కణజాలంలో కునుకు తీసే క్రిములు చాలావరకు కళ్లెలోకి రావు. దీనికి ఉల్టాగా ఇంకో పొరపాటు కూడా చూస్తుంటాను. చికిత్స మధ్యలో కొందరు సొంత ఖర్చుతో సీబీనాట్ లేదా ట్రూనాట్ పరీక్ష మళ్లీ చేయించి, పాజిటివ్ వచ్చిందని కంగారుపడి వస్తారు. ఆ పరీక్షలు చచ్చిన క్రిముల డీఎన్‌ఏను కూడా పట్టేస్తాయి. జబ్బును గుర్తించడానికి, రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి అవి చాలా మంచివి. తగ్గుతోందా లేదా అని చూడటానికి పనికిరావు.

ఆరు నెలలు అన్నది ఎవరో ఊహించి పెట్టిన గడువు కాదు. స్ట్రెప్టోమైసిన్‌కు మరో రెండు మందులు కలిపి ఇచ్చే కాలంలో ఏడాదిన్నర, రెండేళ్లు పట్టేది. రిఫాంపిసిన్ వచ్చాక తొమ్మిది నెలలకు దిగింది. పైరజినమైడ్‌ను మొదటి రెండు నెలల్లో చేర్చాక ఆరుకు వచ్చింది. ఇదంతా వేలమంది రోగులను మందులు ఆపాక కూడా నెలల తరబడి గమనించి తేల్చిన లెక్క. అంతకన్నా ముందే ఆపిన పరీక్షల్లో తిరగబెట్టినవాళ్ల సంఖ్య పెరిగింది. నిజాయితీగా ఒక మాట చెప్పాలి. నాలుగు నెలలకే ఆపితే అందరికీ తిరగబెట్టదు, చాలామందికి అప్పటికే నయమై ఉంటుంది. ఆ చాలామందిలో మీ తమ్ముడు ఉన్నాడో లేడో చెప్పగల పరీక్ష నా దగ్గర లేదు, ఎవరి దగ్గరా లేదు. రిఫాపెంటిన్, మాక్సిఫ్లాక్ససిన్ ఉన్న నాలుగు నెలల చికిత్స ఒకటి 2021లో నిరూపితమైంది. అది వేరే మందులతో, వేరే మోతాదులతో చేసేది. ఎవరైనా "ఇప్పుడు నాలుగు నెలలే చాలట" అంటే, మీ తమ్ముడి మాత్రలకు ఆ మాట వర్తించదని చెప్పండి.

ఈ చరిత్రలో మనం గుర్తుంచుకోదగ్గ విషయం ఒకటుంది. పైరజినమైడ్, ఇథాంబుటాల్ రెండూ అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల నుంచి వచ్చినవి. 1940లలో అక్కడ పరిశోధన విభాగాన్ని నడిపించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆ మందులు టీబీకి పనికొస్తాయని తేలింది 1948లో ఆయన పోయాకే కాబట్టి వాటిని ఆయన ఖాతాలో వేయను. అయినా ఆయన పెంచిన చోటు అది. అలాగే టీబీ రోగి శానటోరియంలో మంచం పట్టి ఉండక్కరలేదు, ఇంట్లోనే మాత్రలతో నయం చేయవచ్చు అని ప్రపంచానికి చూపించింది మద్రాసులో 1956లో మొదలైన పరిశోధన. అంతకుముందు మన వైపు వాళ్లను వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల మీది శానటోరియంలో నెలల తరబడి ఉంచేవారు. గాలి మారితే తగ్గుతుందని. మీ తమ్ముడు ఈ రోజు హాస్టల్ గదిలో ఉండి ఉద్యోగం చేసుకోగలుగుతున్నాడంటే ఆ మాత్రల వల్లనే.

ఇప్పుడు అతను మందులు మానడానికి చెప్పిన కారణాలు.

మూత్రం నారింజ రంగులో, ఎర్రగా రావడం రిఫాంపిసిన్ రంగు. అది రక్తం కాదు, వేడీ కాదు. చెమట, కన్నీళ్లు కూడా ఆ రంగు పడతాయి. కాంటాక్ట్ లెన్సులు ఉంటే మరకలు పడతాయి. మాత్ర వేసుకున్న కొన్ని గంటలు ముదురుగా ఉండి తరువాత పలచబడుతుంది. నేనైతే రోగులకు ముందే చెబుతాను, "ఆ రంగు కనిపిస్తే మందు ఒంట్లోకి వెళ్లిందని గుర్తు" అని. మీ తమ్ముడికి ఎవరో ఒకరు ముందే చెప్పి ఉండాల్సింది.

వేడి చేసిందన్నప్పుడు చాలామంది చెప్పేది కడుపులో మంట, వికారం, నోరు చేదు. అవి నిజమైన ఇబ్బందులే, కొట్టిపారేయను. ఈ మాత్రలు పరగడుపున వేసుకుంటే ఒంటికి బాగా పడతాయి, వేసుకున్న గంటకు తినాలి. అలా తట్టుకోలేకపోతే ఒక ఇడ్లీయో, రెండు బిస్కట్లో తిని వేసుకోమనండి. మానేయడం కన్నా అది ఎంతో నయం. గ్యాస్ కోసం తాగే తెల్లటి సిరప్‌ను మాత్రలతో కలిపి తాగితే ఇసోనియజిడ్ ఒంటికి సరిగా పట్టదు, రెండు గంటల ఎడం ఉండాలి. రంజాన్ నెలలో ఉపవాసం ఉండే నా రోగులు చాలామంది సహరీకి, అంటే తెల్లవారుజాము భోజనానికి, గంట ముందు లేచి మాత్రలు వేసుకుంటారు. ఆరోగ్యం బాగున్నవాళ్లకు అది చక్కగా కుదురుతుంది.

అయితే ఒక్క విషయంలో మాత్రం మానేయమనే చెబుతాను. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, అన్నం చూస్తేనే అసహ్యం వేసినా, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వచ్చినా మాత్రలన్నీ ఆపి అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఇసోనియజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ కాలేయాన్ని దెబ్బతీయగలవు. మద్యం అలవాటుంటే ప్రమాదం ఇంకా ఎక్కువ, ఈ ఆరు నెలలూ ముట్టకూడదు. కొన్నేళ్ల కిందట ఒక ఆటో డ్రైవరుకు మందుల మూడో వారంలో కామెర్లు వచ్చాయి. ఇంట్లోవాళ్లు పసరు పోయించడానికి ఊరికి తీసుకెళ్లారు, ఒక పక్క పసరు పోయిస్తూ ఇంకో పక్క టీబీ మాత్రలు మానకుండా వేశారు. మందు మానకూడదని నేను గట్టిగా చెప్పిన మాటనే వాళ్లు పట్టుకున్నారు. నా దగ్గరికి వచ్చేసరికి మనిషి సరిగా స్పృహలో లేడు. పదకొండు రోజులు ఐసీయూలో ఉండి బతికాడు. ఆ తరువాత కాలేయ పరీక్షలు చూసుకుంటూ మందులు ఒక్కొక్కటిగా మళ్లీ ఇచ్చాం. పైరజినమైడ్ ఇవ్వలేకపోయాం. అది లేకపోవడంతో అతనికి తొమ్మిది నెలల చికిత్స పట్టింది. అప్పటి నుంచి "మానకండి" అని చెప్పిన ప్రతిసారీ "ఇలా అయితే వెంటనే మానండి" అన్నది కూడా అదే కాగితం మీద రాసిస్తున్నాను.

ఇథాంబుటాల్ కంటి నరాన్ని తాకగలదు, అరుదుగానే. పాతబస్తీలో మగ్గం పని చేసే ఒకావిడ నాలుగో నెలలో వచ్చి, ఎరుపు దారం, ఆకుపచ్చ దారం తేడా తెలియడం లేదని చెప్పింది. చూపు తగ్గిందని ఆమెకు ఇంకా తెలియనే తెలియదు, రంగులే ముందు పోయాయి. ఇథాంబుటాల్ ఆపేశాం, కొన్ని నెలల్లో చూపు తిరిగొచ్చింది. మీ తమ్ముడిని వారానికోసారి ఒక్కో కన్ను మూసి పేపర్ చదవమనండి, రంగులు మామూలుగా కనబడుతున్నాయా అని అడగండి. అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు వస్తే అది ఇసోనియజిడ్ పని. దానికి బి6 విటమిన్ మాత్ర ఇస్తారు. కీళ్ల నొప్పులు పైరజినమైడ్ వల్ల యూరిక్ ఆమ్లం పెరిగి వస్తాయి, అది ఆగిపోయింది కాబట్టి తగ్గుతాయి.

రిఫాంపిసిన్‌తో ఇంకో చిక్కు ఉంది, దీన్ని చాలామందికి ఎవరూ చెప్పరు. అది కాలేయంలోని ఎంజైములను రెచ్చగొడుతుంది. దాంతో వేరే జబ్బులకు వేసుకునే మందులను ఒళ్లు త్వరగా కరిగించి బయటికి పంపేస్తుంది. గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయవు. కొత్తగా పెళ్లయిన ఒక అమ్మాయి మాత్రలు క్రమం తప్పకుండా వేసుకుంటూనే గర్భం దాల్చి, భయంతో నా దగ్గర ఏడ్చింది. ఆ మాట ముందే అడగవలసింది నేను. రక్తం పలచబడే మందులు, కొన్ని షుగర్ మాత్రలు, స్టెరాయిడ్లు, హెచ్‌ఐవీ మందులు కూడా ఇలాగే బలహీనపడతాయి. మీ తమ్ముడు వేరే ఏ మందు వాడుతున్నా డాక్టరుకు చూపించండి.

మొండి టీబీ వస్తే ఇక దారి లేదా అని భయపడకండి, ఇప్పుడు ఉంది. బెడాక్విలిన్ అనే మందు క్రిమికి శక్తినిచ్చే ఎంజైమును ఆపుతుంది. నిద్రపోతున్న క్రిమికి కూడా బతకడానికి కాస్త శక్తి కావాలి, దాన్నే తీసేస్తుంది. దానికి ప్రిటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్ససిన్ జోడించి ఇచ్చే ఆరు నెలల చికిత్సకు మన దేశంలో 2024లో అనుమతి వచ్చింది. మునుపు ఇదే జబ్బుకు నెలల తరబడి ఇంజెక్షన్లతో రెండేళ్ల వరకు పట్టేది, వాటివల్ల వినికిడి పోయినవాళ్లను నేను చూశాను. కానీ లినెజోలిడ్ రక్తాన్ని, నరాలను దెబ్బతీస్తుంది, బెడాక్విలిన్‌కు గుండె పరీక్షలు చేస్తూ ఉండాలి. తేలికైన దారి ఇప్పుడు మీ తమ్ముడి చేతిలో ఉన్నదే.

హాస్టల్ గదిలో అతనితో ఉండేవాళ్లను, ఇంట్లో మీ అమ్మగారిని, మిమ్మల్ని కూడా పరీక్ష చేయించుకోమంటాను. జబ్బు లేదని తేలినా కొందరికి రాకుండా ఉండేందుకు మందు ఇస్తారు. ఇసోనియజిడ్, రిఫాపెంటిన్ వారానికోసారి చొప్పున 12 వారాలు, లేదా ఇసోనియజిడ్ ఒక్కటే ఆరు నెలలు. జబ్బుకు నాలుగు మందులైతే దీనికి ఒకటో రెండో ఎలా సరిపోతాయని అడుగుతారు. పైన చెప్పిన లెక్కే. జబ్బు లేనివాళ్ల ఒంట్లో దాగి ఉండే క్రిములు చాలా కొద్ది. అంత కొద్దిలో లొంగని క్రిమి ఉండే అవకాశం దాదాపు లేదు. అందుకే జబ్బు లేదని ముందు తేల్చుకోకుండా ఆ మందు ఇవ్వకూడదు.

ఇక రేపటి పని. నాలుగు రోజుల విరామానికి చికిత్స మొదటి నుంచి మొదలుపెట్టరు, తప్పిన మోతాదులను చివర్లో కలుపుతారు. మొత్తం 168 రోజుల మోతాదులు, మొదటి దశకు 56, రెండో దశకు 112. మాత్రలు మార్చిన రోజు నుంచి అతను నిజంగా ఎన్ని రోజులు వేసుకున్నాడో ఖాళీ స్ట్రిప్పులు లెక్కపెట్టి రాసుకోండి. నాలుగు రోజులు కాకుండా ఇంకా ముందు కూడా అప్పుడప్పుడు మానేశాడేమో కోపం చేయకుండా అడగండి. ఆ కాగితం పట్టుకుని, కాలేయ పరీక్ష ఒకటి రాయమని అడుగుతూ, ఈ వారంలోనే అతని డాక్టరును కలవండి. మాత్రలు మాత్రం ఆ రోజు దాకా ఆగనక్కరలేదు. కళ్లు పచ్చగా లేకపోతే, వాంతులు లేకపోతే రేపు ఉదయం పరగడుపున వేసుకోమనండి.